బోర్డు మీద మండల పరిషత్, తాళంచెవి అమరావతిలో

ఈ పత్రికలో నెలనెలా మనం రాసుకునే విషయాలు మీకు తెలిసినవే. వెలిగొండ నీళ్లు, మిర్చి ధర, పంట నష్టపరిహారం, కౌలు కార్డులు, ఎండిన బోర్లు. ఈ నెల సంపాదకీయం మాత్రం బడి గురించి. రైతు సంఘం పత్రికకు బడితో ఏం పని, దానికి టీచర్ల సంఘాలు ఉన్నాయి కదా అని మొన్న మండల కమిటీలో ఒక పెద్దాయన అడిగారు. అడగదగ్గ ప్రశ్నే. జవాబు లెక్కతో మొదలుపెడదాం.

కందికి 2025-26లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఆ ధర మనకు దక్కుతుందా లేదా అన్నది వేరే సంగతి, దక్కిందనే అనుకుందాం. మన మెట్ట నేలల్లో అదునుకు వాన పడితే ఎకరానికి మూడు క్వింటాళ్లు వస్తే సంతోషం. ఇప్పుడు ఇద్దరు పిల్లల్ని మార్కాపురంలోనో గిద్దలూరులోనో ప్రైవేటు బడికి పంపే రైతును తీసుకోండి. ఫీజు, బస్సు, యూనిఫాం, బూట్లు, పుస్తకాలు కలిపి ఇద్దరికీ ఏడాదికి 50 వేలు అనుకుందాం. ఇంతకంటే ఎక్కువ కట్టేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. తల్లికి వందనం కింద బిడ్డకు 13 వేల చొప్పున 26 వేలు వచ్చినా, ఇంకా 24 వేలు చేతి నుంచి పెట్టుకోవాలి. అంటే మూడు క్వింటాళ్ల కందులు. దున్నకం, విత్తనం, మందులు, కోత కూలి ఏదీ తీయకముందే ఎకరం పంట ఫీజుకు పోతోంది. అదీ ఎప్పుడు? విత్తనానికీ ఎరువుకీ డబ్బు కావలసిన జూన్, జూలై నెలల్లో. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కడుతున్నాం. కౌలు రైతు అప్పుల చిట్టా ఎవరిది విప్పి చూసినా ఎరువుల కొట్టు బాకీ కిందనే బడి ఫీజు బాకీ ఉంటుంది. దాన్ని వ్యవసాయ అప్పుగా ఏ బ్యాంకూ, ఏ ప్రభుత్వమూ లెక్కించదు. కట్టవలసింది మాత్రం పంట అమ్మిన డబ్బుతోనే.

ప్రైవేటు బడికి పంపే తల్లిదండ్రులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఊళ్లో బడికి ఒక్కరే టీచరు, అయిదు తరగతులు. ఆ టీచరు మండల కేంద్రంలో మీటింగుకు పోతే ఆ రోజు చదువు లేనట్టే. మిగతా రోజుల్లో ఫోన్‌లో హాజరు ఎక్కించాలి, భోజనం లెక్క ఎక్కించాలి, మరుగుదొడ్ల ఫొటో ఎక్కించాలి. ఇక పాఠం ఎప్పుడు చెప్పాలి? ఇది చూసిన తండ్రి అప్పు చేసైనా పసుపు రంగు బస్సు ఎక్కిస్తాడు. ఆ స్తోమత లేని కూలి కుటుంబాల పిల్లలే ఊరి బడిలో మిగులుతున్నారు. ఊరి మోతుబరుల పిల్లలు పోయాక బడి గురించి గట్టిగా అడిగే నోరు కూడా పోయింది.

ఇలా జరగాలని చట్టంలో ఎక్కడా లేదు. 2002లో రాజ్యాంగానికి 86వ సవరణ చేసి 21ఎ అధికరణం చేర్చారు. 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బిడ్డకూ ఉచిత, నిర్బంధ విద్య ప్రాథమిక హక్కు అయింది. దాని అమలుకు 2009లో విద్యాహక్కు చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. ‘నిర్బంధం’ అన్న మాటను చాలామంది తల్లిదండ్రుల మీద బలవంతం అనుకుంటారు. చట్టంలో దాని అర్థం వేరు. బిడ్డను బడిలో చేర్చి, రోజూ వచ్చేలా చూసి, ఎనిమిదో తరగతి పూర్తి చేయించడం ప్రభుత్వానికీ స్థానిక సంస్థకూ తప్పనిసరి అని అర్థం. నిర్బంధం వాళ్ల మీద.

మన రైతులు చదవవలసింది ఆ చట్టంలో తొమ్మిదో సెక్షన్. స్థానిక సంస్థ బాధ్యతలన్నీ అందులో ఉన్నాయి. స్థానిక సంస్థ అంటే జిల్లా పరిషత్, పంచాయతీ, మున్సిపాలిటీ, నగర పంచాయతీ. తన పరిధిలో 14 ఏళ్ల లోపు ఉన్న పిల్లలందరి వివరాలతో రికార్డు ఉంచాలి. ప్రతి బిడ్డా చేరిందా, వస్తోందా, చదువు పూర్తి చేసిందా కనిపెట్టి ఉండాలి. దగ్గర్లో బడి ఉండేలా చూడాలి. భవనం, టీచర్లు, సామగ్రి సమకూర్చాలి. పేదల పిల్లల మీద, వెనుకబడిన వర్గాల పిల్లల మీద వివక్ష లేకుండా కాపాడాలి. వలస కుటుంబాల పిల్లలను చేర్పించాలి. బడి పనితీరును పర్యవేక్షించాలి. చివర ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. బడి ఏడాది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో, అంటే విద్యా క్యాలెండర్‌ను నిర్ణయించడం కూడా స్థానిక సంస్థ పనే. ఈ క్యాలెండర్ సంగతికి మళ్లీ వస్తాం, ఎందుకంటే మన ప్రాంతంలో అసలు చిక్కు అక్కడే ఉంది.

ఇన్ని బాధ్యతలు రాసిన చట్టం వచ్చి పదిహేనేళ్లు దాటింది. మీ సర్పంచిని అడిగి చూడండి, మన ఊళ్లో 14 ఏళ్ల లోపు పిల్లలు ఎందరు, వాళ్లలో ఎందరు బడి బయట ఉన్నారు అని. ఆయన సచివాలయంలో విద్యా సహాయకుడిని అడగమంటాడు. విద్యా సహాయకుడు యాప్‌లో ఉన్న అంకె చెబుతాడు. ఆ అంకె ఎవరు ఎక్కించారు, దాన్ని గ్రామసభలో ఎప్పుడైనా చదివారా అంటే జవాబు ఉండదు. సర్పంచిని అని లాభం లేదు. ఇది మీ పని అని ఆయనకు ఎవరూ చెప్పలేదు, పని చేయడానికి డబ్బూ ఇవ్వలేదు, మనిషినీ ఇవ్వలేదు.

మన బడుల బోర్డులు చదివితే ఒక చరిత్ర కనిపిస్తుంది. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతం 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. స్వాతంత్ర్యానికి ముందు మద్రాసు ప్రభుత్వ కాలంలో ఊళ్లలో బడులు పెట్టడం జిల్లా బోర్డుల పని. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాక ఎలిమెంటరీ బడులు సమితుల కిందికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తు కిందికి వెళ్లాయి. 1970లో మనం కొత్త జిల్లాలోకి వచ్చాం, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 1980ల నడుమ సమితులు పోయి మండలాలు వచ్చాయి. అప్పటి నుంచి మన ఊరి బడి మీద ‘మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల’ అనీ, పెద్ద ఊరి బడి మీద ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అనీ రాసి ఉంటుంది. 1992లో 73వ సవరణ పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల జాబితా ఇచ్చింది. అందులో 17వది ప్రాథమిక, మాధ్యమిక విద్య. కాగితం మీద బడి మనదే అయింది. పెత్తనం మాత్రం ఏడాదికేడాది పైకి పోతూ వచ్చింది. ఈ రోజు మండల పరిషత్ బడిలో టీచరు ఉండాలా వద్దా, మూడో తరగతి ఉండాలా పోవాలా అన్న విషయం మండల పరిషత్ సమావేశంలో తేలదు. అక్కడ తేల్చే అధికారమే వాళ్లకు లేదు.

2022లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 117 జీవో తెచ్చి, కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే ప్రాథమిక బడిలోని 3, 4, 5 తరగతులను అక్కడికి పంపారు. ఎనిమిదేళ్ల పిల్లలు వాగు దాటాలా, లారీలు తిరిగే రోడ్డు దాటాలా అని ఏ గ్రామసభనూ అడగలేదు. ఒకటి, రెండు తరగతులే మిగిలిన బడికి తల్లిదండ్రులు ఆ ఇద్దరు ముగ్గురిని కూడా మాన్పించారు. ప్రభుత్వం మారింది. 2025లో ఆ జీవోను పక్కన పెట్టి మోడల్ ప్రైమరీ, బేసిక్ ప్రైమరీ, ఫౌండేషన్ అంటూ తొమ్మిది రకాల బడులు చేశారు. తరగతికి ఒక టీచరు ఉండే మోడల్ బడి మంచి ఆలోచనే, దాన్ని కాదనడం లేదు. మా అభ్యంతరం ఒకటే. అప్పుడూ ఊరిని అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. పక్క ఊరికి మోడల్ బడి వస్తే మన ఊరి బడి ఏమవుతుందో మనకు టీచర్ల బదిలీలు అయ్యాక తెలిసింది.

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికైనా ఇద్దరు టీచర్లు ఉండాలి. పిల్లలు తక్కువ ఉన్నారు కాబట్టి ఒక్కరు చాలు అని చట్టంలో లేదు. కానీ 2024-25 కేంద్ర ప్రభుత్వ లెక్కల్లోనే ఆంధ్రప్రదేశ్‌లో ఏకోపాధ్యాయ పాఠశాలలు 12 వేలకు పైగా ఉన్నాయి, దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ అన్ని లేవు. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. ఆ కొత్తవాళ్లలో ఎందరు దోర్నాల, పుల్లలచెరువు, అర్ధవీడు, కొమరోలు మండలాల చివరి ఊళ్లకు వస్తారు, వచ్చినవాళ్లు ఎన్నేళ్లు ఉంటారు అన్నది మనం కనిపెట్టి చూడాలి. వచ్చే వరకు ఒక పోరాటం, నిలబెట్టుకోవడం ఇంకో పోరాటం.

ఇక డబ్బు సంగతి. 30 మంది లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి ఇచ్చే గ్రాంటు 10 వేలు. నెలకు 833 రూపాయలు. సుద్దముక్కలు, చీపుర్లు, కుళాయి మరమ్మతు, పగిలిన కిటికీ అన్నీ అందులోనే. తల్లికి వందనం 15 వేలలో బడి నిర్వహణకని రెండు వేలు పట్టుకుంటున్నారు. అంతకు ముందు అమ్మ ఒడిలోనూ ఇలాగే పట్టుకున్నారు. పట్టుకున్నది తల్లి డబ్బు. మన ఊరి తల్లుల నుంచి ఎంత పట్టుకున్నారు, అందులో మన ఊరి బడికి ఎంత తిరిగి వచ్చింది అన్న లెక్క గ్రామసభ ముందు పెట్టమని అడగడంలో తప్పేముంది? పంచాయతీకి 2021-26లో వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలన్న నిబంధన ఉండేది. బడికి నీళ్లు, మరుగుదొడ్లు ఆ పద్దులోకి వచ్చేవే. ఫ్లోరైడు నీళ్లతో పళ్లు గారపట్టిన మన పిల్లల బడిలో మంచినీళ్ల కంటే ముందు ఖర్చు ఏముంటుంది?

ఇప్పుడు వలస దగ్గరికి వద్దాం. వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. ఆ రాయి పడిన ఏడు పుట్టిన పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని, వాళ్ల పిల్లల్ని కూడా బడిలో వేశారు, నీళ్లు మాత్రం రాలేదు. నీళ్లు లేని చోట కూలి కుటుంబం ఊళ్లో ఉండదు. దసరా దాటితే కొందరు హైదరాబాదు, బెంగళూరు భవనాల పనికి పోతారు. సంక్రాంతి దాటితే గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు పోతారు. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, లగేజీ ఆటోలో సామానుతో పాటు పిల్లలు ఎక్కుతారు. ముసలివాళ్లు ఉన్న ఇంట్లో ఒకరిద్దరు ఆగుతారు. మిగతావాళ్లు జనవరిలో పోయి ఎండాకాలంలో తిరిగి వస్తారు. బడి క్యాలెండర్ ప్రకారం వాళ్లు నాలుగు నెలలు గైర్హాజరు. 75 శాతం హాజరు లేదని డబ్బు ఆగుతుంది. అక్కడ, పని చేసే ఊళ్లో, రిజిస్టరులో వాళ్ల పేరు ఉండదు. ఇక్కడ రిజిస్టరులో పేరు ఉంటుంది, పిల్ల ఉండదు. రెండు ఊళ్ల లెక్కల్లోనూ బడి బయట పిల్లలు సున్నా.

చట్టం దీనికి దారి చూపింది. వలస వచ్చిన పిల్లను చేర్చుకోవడం ఆ ఊరి స్థానిక సంస్థ బాధ్యత. వయసుకు తగ్గ తరగతిలో చేర్చాలి, వెనుకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని గానీ, పుట్టిన తేదీ కాగితం లేదని గానీ చేర్చుకోము అనడానికి వీల్లేదు. ఆధార్ లేదని బడి చేరిక ఆపకూడదని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వలస ఇళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడిపే ఏర్పాటు సమగ్ర శిక్షలో ఉంది. కానీ మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చాక, ఆటో కదిలాక హాస్టలు తెరిస్తే అందులో ఎవరు ఉంటారు? ఏ ఊరి నుంచి ఎన్ని కుటుంబాలు ఎప్పుడు కదులుతాయో జిల్లా కేంద్రంలో కూర్చున్న అధికారికి తెలియదు. ఊరికి తెలుసు. స్థానిక సంస్థకు బడి అప్పగించాలని మేం అనడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. వానను బట్టి, కోతను బట్టి, వలసను బట్టి బడిని నడపగలిగేది ఊరొక్కటే. క్యాలెండర్ నిర్ణయించే బాధ్యతను చట్టం స్థానిక సంస్థ మీద ఎందుకు పెట్టిందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇక్కడ మన రైతులతో ఒక మాట. మిరప చేలల్లో కోతకు వచ్చేవాళ్లలో పన్నెండేళ్ల పిల్లలు ఉంటున్నారు. చిన్న చేతులు కాయ తొడిమె విరగకుండా తుంచుతాయని, కూలి సగం ఇస్తే చాలని మనలోనే అనేవాళ్లున్నారు. 2025 మొదట్లో మిర్చి ధర ఎలా కూలిందో చూశాం. మార్కెట్ జోక్యం కింద కేంద్రం ప్రకటించిన 11,781 రూపాయలు కూడా చాలామందికి అందలేదు. కోత కూలి కూడా గిట్టక చేనులో కాయ వదిలేసిన వాళ్లున్నారు. అలాంటప్పుడు పెద్దలకే పూర్తి కూలి ఇవ్వమంటే ఎలా అని ఒక చిన్న రైతు అడిగితే ఆ బాధ నిజమే. అయితే ఆ తేడా ఎవరి దగ్గర వసూలు చేసుకోవాలి? ధర నిర్ణయించే వాళ్ల దగ్గర. పదేళ్ల పిల్ల వీపు మీద కాదు. పైగా పిల్లలు సగం కూలికి దొరికినంత కాలం ఆ పిల్లల తల్లికి పూర్తి కూలి ఎవరూ ఇవ్వరు. ఇవాళ మిరప చేనున్న రెండెకరాల రైతు భార్య రేపు పక్క చేనుకు కూలికి పోయేదే కదా.

ఈ ప్రాంతం పేరు దేశానికి తెలిసింది పలకల వల్ల. మార్కాపురం పలక మీద ఎన్ని రాష్ట్రాల పిల్లలు ఓనమాలు దిద్దారో లెక్క లేదు. ఆ పలకలు తీసి, చీల్చి, నునుపు చేసి, చట్రం బిగించిన చేతుల్లో పిల్లల చేతులూ ఉన్నాయి. 1987లో జాతీయ బాల కార్మిక విధానం ప్రకటించినప్పుడు ప్రత్యేక కార్యక్రమానికి ఎంచుకున్న పరిశ్రమల్లో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు పక్కన మన మార్కాపురం పలకల పేరు ఉంది. పలక చేసే పిల్లకు పలక మీద రాసే వేళ లేకపోయింది. నోటు పుస్తకాలు వచ్చి పలకల గిరాకీ పడిపోయింది, పరిశ్రమ ఇంటి గోడలకూ నేలకూ వేసే రాళ్ల వైపు మళ్లింది. గనుల దగ్గర తగ్గిన పిల్లలు పూర్తిగా బడికే వచ్చారా, చేలల్లోకీ వలసల్లోకీ మళ్లారా అన్నది ప్రతి ఊరూ తన లెక్క తాను తీసుకోవలసిన ప్రశ్న.

సాధ్యమేనా అంటే, సాధ్యమైన చోట్లున్నాయి. రంగారెడ్డి జిల్లా ఊళ్లలో 1990లలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు జీతానికి కుదిరిన పిల్లల్ని, పశువుల వెంట తిరిగే పిల్లల్ని బ్రిడ్జి క్యాంపుల్లో కొన్ని నెలలు చదివించి వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. వాళ్లు ఆసాములను శత్రువులుగా చూడలేదు. పిల్లల్ని పనిలో పెట్టుకున్న రైతులను, తల్లిదండ్రులను, టీచర్లను, పంచాయతీ సభ్యులను ఒకచోట కూర్చోబెట్టి ఒప్పించారు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాల కార్మికుడిగానే లెక్కించాలన్నది వాళ్ల నియమం. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక మొదలైనప్పుడు ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చి, ప్రాథమిక బడుల బాధ్యత గ్రామ పంచాయతీలకు, హైస్కూళ్ల బాధ్యత జిల్లా పంచాయతీలకు అప్పగించారు. టీచర్ల జీతాలు రాష్ట్రమే ఇస్తుంది. డబ్బు ఇచ్చారు కాబట్టి పంచాయతీలు పని చేశాయి.

స్థానిక సంస్థకు బడి ఇస్తే టీచర్లు రాజకీయ నాయకుల ఇంటి చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయం టీచర్ల సంఘాల్లో ఉంది. దాన్ని తోసిపుచ్చలేం. సమితుల కాలంలో బదిలీ కాగితం ప్రెసిడెంటు గారి చేతిలో ఉండేది, జీతాలకు నెలలు ఎదురుచూశారు. ఇంకో భయం ఎస్సీ కాలనీల వాళ్లది. పంచాయతీ పెత్తనం ఊరి పెద్ద కులాల చేతిలో ఉన్న చోట బడి కూడా వాళ్ల చేతికి పోతే మా పిల్లల్ని వెనక బెంచీలో కూర్చోబెడతారని, భోజనం వడ్డించే దగ్గర దూరం పెడతారని వాళ్లు అంటే, ఊళ్లలో తిరిగేవాళ్లు ఎవరూ కాదనలేరు. అందుకే మా కోరిక ఇది. నియామకం, జీతం, బదిలీ రాష్ట్రం దగ్గరే, నిబంధనల ప్రకారమే ఉండాలి. పిల్లల రికార్డు, హాజరు, భవనం, నీళ్లు, భోజనం, క్యాలెండర్, వలస పిల్లల ఏర్పాటు, వాటికి కావలసిన డబ్బుతో సహా, ఊరికి రావాలి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు, వెనుకబడిన వర్గాలకు వాళ్ల పిల్లల సంఖ్యకు తగ్గ స్థానం ఉండాలని చట్టం చెబుతోంది. 2024 ఆగస్టులో ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. చాలా ఊళ్లలో చైర్మన్ ఎవరన్నది ముందు రోజు రాత్రే తేలిపోయింది. నీటి సంఘాల ఎన్నికలు ఎలా జరిగాయో చూసిన మనకు ఇది కొత్త కాదు. ఆయకట్టు రైతు కదలకపోతే నీటి సంఘం కాంట్రాక్టరు సంఘమైనట్టే, తల్లులు కదలకపోతే ఈ కమిటీ సంతకాల కమిటీ అవుతుంది.

అందరి పిల్లలూ అన్నప్పుడు మనం మరిచిపోయేవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు నల్లమల గూడేల చెంచు పిల్లలు. పాలుట్ల లాంటి గూడెం నుంచి మండల కేంద్రానికి రావడమే అడవి దారిలో ఒక ప్రయాణం. వాళ్లకు హాస్టలు ఒక్కటే దారి అనడం సులువు. ఆరేళ్ల పిల్లను గూడెంలోనే చదివించే బడి, ఆ భాష, ఆ బతుకు తెలిసిన టీచరు ఉంటే హాస్టలు నుంచి పారిపోయి రావడం ఉండదు. గూడెంలో పది మందే పిల్లలని బడి ఎత్తేసే లెక్క అడవిలో పనికిరాదు. ఇంకొకరు వైకల్యం ఉన్న పిల్లలు. ఫ్లోరైడు తాగిన మన నేలలో కాళ్లు వంకరపోయిన పిల్లలు ఊరికి ఒకరిద్దరైనా ఉంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వీళ్లకు 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కుగా ఇచ్చింది. మండలానికి భవిత కేంద్రం ఉంది, కానీ పదిహేను కిలోమీటర్ల నుంచి బిడ్డను ఎత్తుకుని తల్లి రోజూ రాలేదు, ఆమె కూలి పోతుంది. పింఛను వస్తోంది కదా అని ఆ పిల్లను బడి లెక్కలోంచే తీసేస్తున్నాం. ఊరి బడి గడపకు ర్యాంపు కట్టించడానికి ఏ జీవో కావాలి?

2018 ఆగస్టు నుంచి 2021 దాకా ఈ రాష్ట్రంలో సర్పంచులే లేరు, ప్రత్యేక అధికారులు నడిపారు. పంచాయతీ నిధులు పంచాయతీకి రాకుండా మళ్లించారని సర్పంచులు రోడ్డెక్కారు. అలాంటి పరిస్థితుల్లో బడి కూడా పంచాయతీకి ఇవ్వమని అడగడం ఏమిటని కొందరు నవ్వుతారు. పంచాయతీ బలహీనంగా ఉంది కాబట్టి పని ఇవ్వరు, పని లేదు కాబట్టి అది బలహీనంగానే ఉంటుంది. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి. మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నదే చాలు.

కాబట్టి గ్రామ కమిటీలకు సంఘం చెబుతున్న పని ఇది. దసరా లోపు ప్రతి గ్రామ కమిటీ ఇల్లిల్లూ తిరిగి 14 ఏళ్ల లోపు పిల్లల జాబితా రాయాలి. పేరు, వయసు, చదివే బడి, తరగతి, వైకల్యం ఉంటే అది, కుటుంబం వలస పోతుందా, పోతే ఎక్కడికి, ఏ నెలలో, ఏ మేస్త్రీ వెంట. సచివాలయంలో ఉన్న జాబితాతో పోల్చి చూడాలి, తేడా వచ్చిన పేర్లు విడిగా రాయాలి. అక్టోబర్ 2న గ్రామసభ పెట్టమని సర్పంచికి ముందే రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోవాలి. ఆ సభలో జాబితా చదివి, వలస పిల్లల సంఖ్యతో సీజనల్ హాస్టలు కావాలని తీర్మానం చేయించి మండల విద్యాశాఖాధికారికి పంపాలి. ఒక్క టీచరే ఉన్న బడి అయితే, విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మూడు నెలల్లో తేల్చాలని ఆ సెక్షన్ చెబుతుంది, తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు. ఫిర్యాదు తేదీ, రసీదు జాగ్రత్త. తండాలు, గూడేలు, ఎస్సీ కాలనీలకు వెళ్లేటప్పుడు ఆయా చోట్ల తల్లులను వెంట తీసుకుని వెళ్లండి, వాళ్లు చెప్పే పేర్లు మనకు తెలియవు. అన్ని ఊళ్ల జాబితాల నకళ్లు అక్టోబర్ రెండో వారంలో జరిగే మండల సమావేశాలకు తేవాలి. మిరప కోతల్లో పిల్లల్ని పెట్టుకోకూడదన్న తీర్మానం కూడా ఆ సమావేశాల్లోనే చర్చకు వస్తుంది, దానికి మిరప రైతులు తప్పక రావాలి.